నిండు చెరువుకు గండికొట్టిన కథ

పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయుడని మా తెలుగు పండితులవారు ఆజ్ఞాపించినప్పుడు మేము మువ్వురమును ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. మంచి కార్యము చేసి దానిని గూర్చి వ్రాయుట సులభము. తప్పు చేసి దానిని గూర్చి వ్రాయుట కష్టము. మా యొద్ద నున్నది రెండవ జాతి విషయమే. ఆ మాట మనవి చేయగా, "మీ తప్పు పదిమందికి పాఠమైనచో అది పూర్తిగా వ్యర్థము కాదు, వ్రాయుడు" అని పండితులవారు సెలవిచ్చిరి. అందుచే నీ వ్యాసమును మువ్వురము కలసి వ్రాసి, సహాధ్యాయుల యెదుటను, తల్లిదండ్రుల యెదుటను, గురువుల యెదుటను వినయపూర్వకముగా నుంచుచున్నాము.

మేమెవరమో మొదట చెప్పవలెను. మాలో నొకడు దేవరకొండ వైపువాడు. ఒకడు మునుగోడు వైపువాడు. మూడవవాడు కోయిలకొండ వైపునుండి వచ్చినవాడు. మువ్వురమును పదవ తరగతి చదువుచు వసతిగృహమున నొకే గదిలో నుండువారము. నల్లగొండ యనుడు, మహబూబ్‌నగరు అనుడు, మాది మెట్టసీమ. వానలు కురిసిననాడు జొన్న, ఆముదము, ప్రత్తి. కురియని నాడు వలస. పాలమూరు కూలి చేయి పడని ఆనకట్ట దేశమున నరుదని మా పెద్దలు చెప్పుకొందురు. మా కోయిలకొండ మిత్రుని తల్లిదండ్రులును పుణె నగరమున గృహనిర్మాణపు పనులకు పోయి నాలుగేండ్లయినది. వారు సంవత్సరమున కొకటి రెండు మార్లు మాత్రమే యింటికి వత్తురు. తక్కిన దినములలో కొడుకునకును వారికిని నడుమనున్న వంతెన వసతిగృహపు సెల్‌ఫోను ఒక్కటియే.

ఆ ఫోను వార్డెనుగారి గదిలోని అలమారయందుండును. ప్రతి శనివారము సాయంకాలము ఆరుగంటలు మొదలు తొమ్మిది గంటల వఱకు దూరమున నున్న తల్లిదండ్రులు దానికి పిలుతురు. పిల్లలు వరుసగా నిలిచి తలకొక ఐదు నిమిషములు మాటలాడుదురు. ఇతర సమయములలో పాఠములకు సంబంధించిన దృశ్యములు చూచుటకును, నిఘంటువు వెదకుటకును పెద్ద తరగతులవారు దానిని వాడుకొందురు. దాని బాగోగులు చూచు భారమును గణితోపాధ్యాయులు మా మువ్వురికి అప్పగించిరి. ఆ నమ్మకమే మాకు గర్వకారణమును, పిదప సిగ్గునకు కారణమును అయినది.

ఆ ఫోనునకు ఒక చిన్న చరిత్ర గలదు. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి మూలమున పాఠశాలలు మూతపడెను. ఆ యేడు సెప్టెంబరు 1వ తేది మొదలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా మన రాష్ట్రమున పాఠములు చెప్పనారంభించిరి. ఆ దినములలో ఒక పూర్వవిద్యార్థి తన తమ్ముని చదువు కొఱకు కొన్న ఫోను అది. కొన్ని సంవత్సరములకు దానిలోని వ్యవస్థ పాతబడి, కొత్త సంస్కరణములు వచ్చుట నిలిచిపోయెను. అప్పుడా పూర్వవిద్యార్థి దానిని పారవేయక, పాత వ్యవస్థను తొలగించి, పోస్ట్‌మార్కెట్ ఓఎస్ అను లినక్స్ వ్యవస్థను నెలకొల్పి వసతిగృహమునకు కానుకగా నిచ్చెను. పాత ఫోనులకు పునర్జన్మ నిచ్చు నీ స్వచ్ఛంద ప్రయత్నము 2017లో మొదలైనది.

లినక్స్ అననేమి యని చిన్న తరగతులవారు అడుగవచ్చును. యంత్రమునందలి మెమొరీ, తెర, బ్యాటరీ, రేడియో మున్నగువానిని పంచిపెట్టుచు, పనిముట్లనన్నిటిని క్రమమున నడుపు మూల కార్యక్రమమునకు కర్నెలు అని పేరు. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ఇట్టి కర్నెలు నొకదానిని వ్రాసి, ఎల్లరు చూచి దిద్దుకొనుటకు వీలుగా బయటపెట్టెను. అదియే లినక్స్. 2008లో మొదటిసారి విక్రయమునకు వచ్చిన ఆండ్రాయిడ్ ఫోనును దీనిమీదనే కట్టబడినది. 2017లో మన పల్లెలకు వచ్చిన జియోఫోనునందలి కాయ్ ఓఎస్‌కును పునాది ఈ కర్నెలే. ఆ ఫోను మెమొరీ 512 మెగాబైట్లు మాత్రమే. కావున నవ్వ చేతిలోని చిన్న ఫోనును, నగరములలోని గొప్ప సర్వర్లును ఒక్క తాతకు మనుమలే యని చెప్పవచ్చును.

ఇక మా కథ. క్రిందటి వర్షాకాలమున ఫోను నెమ్మదించెను. ఒక పనిముట్టును తాకిన పిదప తెర మాఱుటకు చాల సేపు పట్టుచుండెను. చిన్నపిల్లలు విసుగుకొనిరి. దీని మర్మము కనుగొనవలెనని మేము ఫోనులో 'ఫ్రీ' అను ఆజ్ఞను వ్రాసి చూచితిమి. మెమొరీ మొత్తము సుమారు 1,900 మెగాబైట్లు. పనిముట్లు వాడుకొనునది 770. క్యాష్ అను గడిలో 1,050. ఖాళీగా నున్నది 80 మాత్రమే! మా గుండె జల్లుమన్నది. "ఇల్లంతయు సామానులతో నిండి నడుచుటకు చోటు లేకున్న మనిషి యెట్లు నడుచును?" అని దేవరకొండ మిత్రుడనెను. ఆ మాట మాకు మిక్కిలి సబబుగా తోచెను. క్యాష్ అనగా నిచట రొక్కము కాదు. ఒకసారి చదివిన దస్త్రముల పుటలను మరల త్వరగా నిచ్చుటకై కర్నెలు మెమొరీలో దాచియుంచు నిల్వ. ఆ సంగతి అప్పటికి మేము పేరునకు మాత్రమే యెఱుగుదుము. అదే పట్టికలో చివర 'అందుబాటు' అను మఱియొక గడియు, అందు 1,080 అను అంకెయు నుండెను. దానిని మేము చదువనే లేదు.

వెదుకగా నొక ఉపాయము దొరకెను. లినక్స్ కర్నెలులో 'డ్రాప్ క్యాషెస్' అను నొక చిన్న ద్వారము గలదు. ప్రాక్, సిస్, వీఎం అను మూడు అరలు దాటి లోపలికి పోయినచో అది కనబడును. దానియందు 1 అని వ్రాసిన, దాచిన దస్త్రపు పుటలు విడుదలగును. 2 అని వ్రాసిన, దస్త్రముల పేళ్లను, చిరునామాలను గుర్తుంచుకొన్న చిన్న పట్టికలు విడుదలగును. 3 అని వ్రాసిన రెండును పోవును. ఇంకను డిస్కునకు చేరని వ్రాతలు దీనిచే పోవు గనుక, ముందుగా 'సింక్' అను ఆజ్ఞచే వానిని చేర్చివేయుట మేలు. ఈ ద్వారమును తెఱచుటకు రూట్ అనబడు సర్వాధికారము కావలెను. ఫోను మా యధీనమున నున్నది గాన ఆ యధికారము మాకు గలదు. 3 అని వ్రాసితిమి. కన్నుమూసి తెఱచునంతలో ఖాళీ 80 నుండి 880కి పెరిగెను. ఆ యంకెను చూచి మేము చప్పట్లు కొట్టితిమి.

కాని పది నిమిషములలో ఆ ఖాళీ మరల తరుగజొచ్చెను. "ప్రతిమారును మనమే వచ్చి చేయనేల? యంత్రమునకే యప్పగింతము" అని మునుగోడు మిత్రుడనెను. లినక్స్‌లో 'క్రోను' అను నొక సేవకుడు గలడు. నిమిషము, గంట, తేది, నెల, వారము అను ఐదు గడులు నింపి, వాని ప్రక్కన చేయవలసిన పనిని వ్రాసియుంచిన, ఆయా వేళలకు వాడా పనిని తప్పక చేయును. మేము మొదటి గడిలో ఐదు నిమిషముల కొకసారి యను గుఱుతును, తక్కిన నాలుగింట 'ఎల్లప్పుడు' అనుటకు నక్షత్రములను ఉంచి, ప్రక్కన మా ఆజ్ఞను వ్రాసితిమి. గంటకు 12 మార్లు; దినమునకు 288 మార్లు. మేము నిద్రించుచున్నను మా బుద్ధి పనిచేయునని మురిసితిమి. అది గురువారము సాయంకాలము ఏడు గంటల వేళ.

అంతలోనే యొక చిక్కు కనబడెను. తెర ఆర్పిన కొంతసేపటికి ఫోను గాఢనిద్రలోనికి పోవును. పిలుపు వచ్చినప్పుడు రేడియో దానిని మేల్కొల్పును. ఆ నిద్రలో క్రోను కూడ నిద్రించును. మా సేవకుడు పని మానివేయుట మాకు సహింపరానిదాయెను. ఏమి చేసితిమనిన, నిద్రకు పోవలదని ఫోనును శాసించితిమి. బ్యాటరీ మాట మా తలపునకు రాకపోలేదు. ఉదయము నిండుగా నింపిన రాత్రివఱకు వచ్చుచున్నది గదా యని సరిపెట్టుకొంటిమి. నిద్రపోవునట్టి ఫోను రాత్రివఱకు వచ్చుచుండెను గాని నిద్రలేని ఫోను కాదని మేము తలంపమైతిమి.

శనివారము వచ్చెను. సాయంకాలము ఐదుగంటలకు గాలివాన పుట్టి విద్యుత్తు పోయెను. ఆరుంబావునకు ఇద్దరు పిల్లలు మాటలాడిరి. ఆరు ముప్పావునకు తెర నల్లబడి ఫోను ఆరిపోయెను. గదిలో కరెంటు లేదు. వార్డెనుగారు ఆ దినము సెలవుపై స్వగ్రామమునకు పోయియుండిరి. కోయిలకొండ మిత్రుని వంతు ఏడున్నరకు. వానికి ముందటి వారము జ్వరము వచ్చి తగ్గినది. "శనివారము నీ గొంతు వింటేనే నాకు నిమ్మళము" అని తల్లి చెప్పియుండెను. వాడు ఆరిపోయిన ఫోనును రెండు చేతులతో పట్టుకొని తొమ్మిది గంటల వఱకు బల్లపై కూర్చుండెను. మేమిద్దరము వాని ప్రక్కన కూర్చుంటిమి గాని మాకు మాట రాలేదు. పది గంటలకు విద్యుత్తు తిరిగి వచ్చెను. ఫోనును నింపి పిలిచి చూడగా, తండ్రి ఫోను అందుబాటులో లేదని వినబడెను. ఆ రాత్రి వాడు నిదురించలేదు. ఫోనువలెనే.

మఱునాడు మధ్యాహ్నము వసతిగృహపు గేటు వద్ద వాని తండ్రి నిలుచుండెను. ఏడుమార్లు పిలిచెనట, ఫోను ఆరియున్నదని ఏడుమార్లు సమాధానము వచ్చెనట. ఆయన యొద్ద వేఱొక సంఖ్య లేకుండెను. జ్వరము తిరుగబెట్టెనేమో, పిల్లవానిని దవాఖానకు తీసికొనిపోయిరేమో యని తల్లి యేడ్వగా, మేస్త్రీతో చెప్పి, రాత్రి బస్సెక్కి, హైదరాబాదు చేరి, అచ్చటినుండి మఱియొక బస్సులో వచ్చెను. కొడుకు నుదుటిపై చేయివేసి చూచి, వాడు కులాసాగా నున్నాడని తెలిసిన పిదప మెట్లమీద కూలబడి నీళ్లడిగెను. పోను రాను బస్సు చార్జీలు. రెండు దినముల కూలి. మేము ఖాళీ చేసిన మెమొరీ వెల ఇదియని మాకప్పుడు లెక్క తెలిసెను.

మేము మువ్వురము ఆయన యెదుట నిలిచి జరిగినదంతయు చెప్పితిమి. ఫోను మెమొరీ నిండిపోయినది గనుక దానిని మాటిమాటికి ఖాళీ చేయించితిమనియు, అందుకై నిద్ర మాన్పించితిమనియు, అందుచే బ్యాటరీ చచ్చెననియు విన్నవించితిమి. ఆయన కోపపడలేదు. కొంతసేపు ఆలోచించి, "చెరువు నిండితె ఎవడన్న భయపడ్తడా బిడ్డా? నిండితె సంబురపడ్తరు. ఎక్కువైతె అలుగు పారుతది. మీరేమో నిండిన చెరువుకు గండి గొట్టిండ్రు" అనెను. నాలుగేండ్లుగా మట్టిపనియు కట్టడపు పనియు చేయుచున్న యాయన కంప్యూటరు నెన్నడును తాకియెఱుగడు. అయినను ఆ మాటతో మా విషయమంతయు తేలిపోయెను.

ఆ సాయంకాలము గణితోపాధ్యాయుల యొద్దకు పోయి తప్పు నొప్పుకొంటిమి. వారు ఫోనులోని దినచర్యను తెఱిపించిరి. ఎవరైన డ్రాప్ క్యాషెస్ ద్వారమును తెఱచినప్పుడెల్ల, ఏ పనిముట్టు ఏ యంకె వ్రాసెనో కర్నెలు తన దినచర్యలో నొక పంక్తి వ్రాసికొనునట. గురువారము సాయంకాలము మొదలు శనివారము ఆరు ముప్పావు వఱకు ఐదేసి నిమిషములకు మా తప్పు అచ్చుపడియుండెను. లెక్కింపగా సుమారు 570 పంక్తులు. ఉపాధ్యాయులు మమ్ము మందలింపక, "మీరు మందు వేసితిరి, రోగమును కొలిచితిరా?" అని మాత్రమే యడిగిరి. కొలువలేదని చెప్పుటకు తల వంచుకొంటిమి. "అట్లయిన నిప్పుడు కొలువుడు" అని తమ చేతి గడియారము నిచ్చిరి.

పరీక్ష యిట్లు జరిగెను. మొదట క్యాష్‌ను ఖాళీ చేసి, వెబ్ బ్రౌజరును తెఱచి, పుట కనబడువఱకు పట్టిన కాలమును వ్రాసికొంటిమి. పిదప దానిని మూసి, ఖాళీ చేయకుండ మరల తెఱచి, ఆ కాలమును వ్రాసికొంటిమి. ఇట్లు పదిమార్లు. ఖాళీ చేసిన పిదప సగటున 13 సెకండ్లు. ఖాళీ చేయక తెఱచినప్పుడు 5 సెకండ్లు. ఫోనును వేగవంతము చేయబోయి, ప్రతి ఐదు నిమిషములకును దానిని రెండింతలకు మించి మందగింపజేసితిమని మా వ్రాతలోని అంకెలే మాకు చెప్పెను. డిస్కునుండి చదువుట మెమొరీనుండి తెచ్చుటకంటె ఎన్నో రెట్లు ఆలస్యము. దాచిన పుటలను పాఱవేసిన, వానినే మరల డిస్కునుండి మోసికొని రావలెను. ఆ మోతకు కాలమును, విద్యుత్తును ఖర్చగును. అప్పుడు పనిచేయుచున్న పనిముట్ల పుటలను ఈ ద్వారము ముట్టదు. మూసిన పనిముట్ల పుటలు మాత్రము పోవును. పనిముట్లు తమ సొంతమునకు తీసికొన్న 770 మెగాబైట్లలో మా గండి ఇంచుమించు ఏమియు తగ్గింపలేదు.

మిత్రుని తండ్రి చెప్పిన పోలిక యెంత సరియైనదో పిదప చదివి తెలిసికొంటిమి. నల్లగొండ ప్రక్కన పానగల్లులో ఉదయసముద్రమను చెరువు గలదు. కందూరు చోడుల నాటిదని ప్రసిద్ధి. చెరువునకు కట్ట, తూము, అలుగు అని మూడు అంగములుండును. తూములను నడుపుటకు ఊరికొక నీరటికాడుండుట మన ప్రాంతపు ఆచారము. ఎండిన చెరువును చూచి "ఎంత ఖాళీగా నున్నది!" అని సంతసించు రైతు లేడు. లినక్స్ కర్నెలు మతమును అదియే: ఊరక పడియున్న మెమొరీ వ్యర్థమైన మెమొరీ. కావున పనిముట్లకు అక్కరలేని చోటునంతటిని అది క్యాష్‌తో నింపును. ఎవరికైన చోటు కావలసినప్పుడు చాలకాలముగా ఎవరును ముట్టని పుటలను ముందుగా విడుచును. ఖాళీ మెమొరీకి కనిష్ఠము, తక్కువ, ఎక్కువ అని మూడు మట్టములు అందు నిర్ణయింపబడియున్నవి. వానికి ఆంగ్లమున వాటర్‌మార్కులనియే పేరు! ఖాళీ 'తక్కువ' మట్టమునకు దిగినప్పుడు 'కెస్వాప్‌డి' అను నీరటికాడు మేల్కొని, 'ఎక్కువ' మట్టము చేరువఱకు పుటలను విడిపించి, మరల నిద్రించును. కనిష్ఠమునకును దిగినచో, చోటడిగిన పనిముట్టే ఆగి ఆ విడిపించు పనిలో పాలుపంచుకొనవలసివచ్చును. ఇంత నేర్పుగల నీరటికాడుండగా, అతనికి తెలియకుండ ప్రతి ఐదు నిమిషములకును తూములన్నిటిని ఎత్తివేసినవారము మేము.

అందుచేతనే 'ఖాళీ' అను గడిని గాక 'అందుబాటు' అను గడిని చూడవలెను. క్యాష్‌లో సులభముగా విడువదగిన భాగమును కూడ కలిపి, కొత్త పనిముట్టునకు ఎంత చోటు దొరకునో కర్నెలు వేయు అంచనా అది. 2014లో వెలువడిన 3.14వ కర్నెలు మొదలు కలదు. మా ఫోనులో అది 1,080 మెగాబైట్లుండెను. అనగా మెమొరీకి ఏ లోపమును లేకుండెను. నిరపరాధిని పట్టి 570 మార్లు దండించితిమి.

మఱి ఫోను నెమ్మదించుటకు అసలు కారణమేమి? 'టాప్' అను ఆజ్ఞతో చూడగా, దస్త్రములను వెదకి సూచిక తయారుచేయు నొక పనిముట్టు రేయింబవళ్లు శ్రమించుచుండెను. పిల్లలు దించి యుంచిన పాఠదృశ్యములు వందల కొలది. అది వానిని చదివిచదివి అలయుచుండెను. క్యాష్ నిండుటకును అదియే ముఖ్య కారణము. పైగా 16 గిగాబైట్ల నిల్వలో నూటికి 97 వంతులు నిండియుండెను. అంతగా నిండిన ఫ్లాష్ నిల్వపై వ్రాయుట మందగించును. చెరువులో నీరు ఎక్కువ కాలేదు, పూడిక ఎక్కువైనది. 2015లో మిషన్ కాకతీయ పేర మన రాష్ట్రమున చెరువుల పూడిక తీసిన సంగతి పెద్దలెఱుగుదురు. మేమును అట్లే చేసితిమి. చూచి ముగించిన పాఠములను తొలగించి, సూచిక పనిముట్టును ఆ అరవైపు చూడకుండ కట్టడి చేసితిమి. ఫోను మునుపటివలె నడచుచున్నది. నీటిని విడువలేదు, పూడిక తీసితిమి.

డ్రాప్ క్యాషెస్ ద్వారము చెడ్డదని మా భావము కాదు. 2006 నుండి కర్నెలులో నున్న ఆ సాధనము పరీక్షల కొఱకును, తప్పులు వెదకుట కొఱకును ఏర్పడినది. ఇతర సందర్భముల దానిని వాడవలదనియు, క్యాష్ పెరుగుదలను అదుపుచేయుటకు అది సాధనము కాదనియు కర్నెలుతో వచ్చు పత్రములలోనే వ్రాసియున్నది. మేము గడియారము పట్టి చేసిన పది కొలతలు దాని సద్వినియోగము; క్రోనుచే చేయించిన 570 దాని దుర్వినియోగము. రెండింటను మేము వ్రాసిన అంకె 3 ఒక్కటియే.

ఇచట తల్లిదండ్రులకు నొక విన్నపము. మీ ఆండ్రాయిడ్ ఫోనులలో "మెమొరీని శుభ్రము చేసి వేగము పెంతుము" అని చెప్పు పనిముట్లు కనబడును. ఆండ్రాయిడ్ తనకు చోటు చాలనప్పుడు వెనుకనున్న పనిముట్లను తానే మూసికొనగలదు. వానిని మనము బలవంతముగా మూసినచో, మరల తెఱచునప్పుడు మొదటినుండి లేవవలసివచ్చి, కాలమును బ్యాటరీయు వృథా యగును. సెట్టింగులలో ఒక్కొక్క పనిముట్టునకు కనబడు 'క్యాష్' వేఱు. అది నిల్వలోని దస్త్రములు. నిల్వ నిండినప్పుడు దానిని తుడుచుట తప్పు కాదు. మఱియు సర్వాధికారము కొఱకు ఫోను తాళమును పగులగొట్టుట, బ్యాంకు వ్యవహారములు చేయు ఫోనులో మిక్కిలి ప్రమాదకరము. మా ప్రయోగమును మీ పిల్లలు మీ ఫోనుపై చేయబూనినచో దయచేసి ఈ వ్యాసమును వారికి చూపుడు.

ఇప్పుడు మేము చేయుచున్నదేమనగా, క్రోను పట్టికనుండి ఆ పంక్తిని తీసివేసితిమి. ఫోనును నిద్రింపనిచ్చితిమి. అనుమానము కలిగినప్పుడు 'ప్రెషర్' అను అరను చదువుదుము. మెమొరీ చాలక పనులు ఎంత కాలము ఆగెనో అది నూటికి ఇంత యని చెప్పును. 2018లో వచ్చిన 4.20వ కర్నెలు మొదలు ఈ సౌకర్యము గలదు. ఆ యంకె సున్నయై యున్నంతకాలము మెమొరీ జోలికి పోము. మఱియు మూడు పనులను యంత్రమునకు అప్పగింపక మేమే చేయుచున్నాము. శనివారము నాలుగు గంటలకు మాలో నొకడు ఫోనును నిండుగా నింపును. విద్యుత్తు పోయినప్పటికై ఉపాధ్యాయులు కొనియిచ్చిన పవర్‌బ్యాంకును మఱియొకడు సిద్ధముగా నుంచును. మూడవవాడు ఆ సాయంకాలము మాటలాడవలసినవారి పట్టికను పట్టుకొని కూర్చుండును. వార్డెనుగారి సంఖ్యయు, ఉపాధ్యాయుల సంఖ్యయు అందఱు తల్లిదండ్రులకును వ్రాసి పంపబడినవి.

మిత్రుని తండ్రి ఆ ఆదివారము రాత్రియే తిరిగి పుణెకు పోయెను. బస్సెక్కునప్పుడు మేము మువ్వురము మా చిల్లర డబ్బులు కూర్చి ఆయన చేతిలో పెట్టబోతిమి. ఆయన తీసికొనలేదు. "సదువుకునేటోళ్లు తప్పు జేస్తరు. ఫోన్ మాత్రం సల్లగుండనియ్యుండ్రి" అని మాత్రము చెప్పెను. తర్వాతి శనివారము సరిగా ఏడున్నరకు ఫోను మ్రోగెను. ఆ పూట పట్టికలో తమ వంతునకు ముందున్నవారు కూడ ప్రక్కకు తొలగి మా మిత్రునికి దారి యిచ్చిరి.

మేము వ్రాసిన ఆ చిన్న ఆజ్ఞాపత్రమును చెరిపివేయలేదు. నడచుటకు దానికున్న అనుమతిని మాత్రము తీసివేసి, ఫోనులోనే యుంచితిమి. మా తర్వాత ఈ భారమును స్వీకరించువారు దానిని తెఱచి చూచిన, మొదటి పంక్తిలో మేమిట్లు వ్రాసియుంచుట కనబడును: "ఖాళీ గడిని చూడవలదు, అందుబాటు గడిని చూడుడు. శనివారము నాలుగు గంటలకు ఫోనును నింపుడు."